గ్లోబును కిందికి దింపండి

మా శాలిబండ గల్లీలో చాలా ఇళ్ల ముందుగదిలో ఒక అద్దాల షోకేసు ఉంటుంది. అందులో పెళ్లినాటి గాజు గ్లాసులు, పిల్లలు గెలిచిన కప్పులు, యాత్రలకు పోయినప్పుడు తెచ్చుకున్న బొమ్మలు. కొన్ని ఇళ్లలో ఆ షోకేసు నెత్తిమీద, చేతికందనంత ఎత్తులో ఒక గ్లోబు కూడా ఉంటుంది. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు దాని మీద అలాగే ఉంటుంది. "పిల్లల చేతికిస్తే పాడైపోతది టీచరమ్మా, జర పెద్దగయినంక ఇద్దామని పెట్టినం" అంటారు తల్లులు. ఆ మాటను నేను తప్పు పట్టను. ఖర్చుకు వెనకాముందు చూసుకునే ఇంట్లో కొన్న వస్తువు మీద ఆ మాత్రం జాగ్రత్త ఉంటుంది. అయినా ఇరవై ఆరేళ్లు హైదరాబాద్ పాతబస్తీలో సోషల్ చెప్పిన చనువుతో ఒక మాట అడుగుతున్నాను. ఆ గ్లోబును ఈరోజే కిందికి దింపండి. కవరు విప్పి, పిల్లల ఒళ్లో పెట్టండి.

ఎందుకడుగుతున్నానో చెప్తాను. నేను కూడా మొదట్లో అందరిలాగే పాఠం చెప్పాను. ఖండాలు ఏడు, మహాసముద్రాలు ఐదు, భూమి మీద 71 శాతం నీరు, 29 శాతం నేల. పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్లు, నేను సంతోషపడేదాన్ని. ఒకరోజు ఆరో తరగతి అమ్మాయి ఒకతె ఒక్క తప్పు లేకుండా అన్నీ చెప్పింది. ఆ పిల్ల రోజూ మూసీ నది మీది నయాపుల్ వంతెన దాటి బడికొచ్చేది. ఊరికే అడిగాను, "మూసీ నీళ్లు ఎక్కడికి పోతాయమ్మా?" అని. కాసేపు ఆలోచించి, "ఎక్కడికీ పోవు టీచర్, అక్కడనే ఉంటయి" అంది.

ఆ జవాబు ఆ పిల్ల తప్పు కాదు. ఎండాకాలంలో వంతెన మీంచి చూస్తే మూసీ నిజంగానే కదిలినట్టు కనిపించదు. పసిఫిక్ పేరు నేర్పిన నేను, రోజూ ఆ పిల్ల కాళ్ల కింద పారే నీళ్ల దారి చూపలేదు. ఆ రోజు నుంచి నేను పాఠాన్ని తిరగేశాను. గ్లోబు దగ్గర మొదలుపెట్టి ఇంటికి రావడం మానేసి, ఇంట్లో మొదలుపెట్టి గ్లోబు దాకా పోవడం నేర్చుకున్నాను. మీకు చెప్పదలిచింది కూడా అదే.

నల్లా దగ్గర మొదలుపెట్టండి

పొద్దున నల్లా వచ్చినప్పుడు బిందె నింపుతూ పిల్లల్ని అడగండి: "ఈ నీళ్లు ఏ ఊరి నుంచి వచ్చినయిరా?" మన నగరానికి 2004 నుంచి కృష్ణ నీళ్లు వస్తున్నాయి. నాగార్జునసాగర్ వైపు నుంచి దాదాపు వంద కిలోమీటర్ల పైపుల్లో ప్రయాణం చేసి వస్తాయి. అంతకుముందు మన తాతల కాలంలో, పాతబస్తీ వాళ్ల దాహం తీర్చింది మీరాలం చెరువు. 1806 ప్రాంతంలో కట్టిన ఆ చెరువు కట్టకు 21 అర్ధచంద్రాకారపు కమానులున్నాయి. జూపార్కుకు పోయిన రోజు ఆ కట్ట కూడా చూపించండి. కమాను వంపు నీళ్ల వైపు ఎందుకు తిరిగి ఉందో అడగండి. తలుపును లోపలి నుంచి భుజంతో తోసి ఆపినట్టు ఆ వంపు నీళ్లను తోసి ఆపుతుందని చెప్తే ఏడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది.

ఇక వాడిన నీళ్లు ఎటు పోతాయి? ఇంటి మోరీ, గల్లీ నాలా, ఆ తర్వాత మూసీ. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ మన నగరం నడుమ నుంచి పారి, దాదాపు 240 కిలోమీటర్లు నడిచి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. అంటే మన ఇంటి మోరీకి, సముద్రానికి మధ్య ఎక్కడా తెగని నీళ్ల దారి ఒకటి ఉంది. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల కళ్లు పెద్దవవుతాయి. మోరీలో చిప్స్ కవరు పారేయకూడదని వేరే పాఠం చెప్పాల్సిన పని కూడా ఉండదు.

ఇక్కడ ఇంకో ప్రశ్న అడగొచ్చు. కృష్ణ పుట్టేది మహాబలేశ్వరం దగ్గర. అక్కడి నుంచి అరేబియా సముద్రం 65 కిలోమీటర్లే. మరి దగ్గరి సముద్రాన్ని వదిలి, 1,400 కిలోమీటర్లు తూర్పుకు ఎందుకు నడిచింది? జవాబు మీరు చెప్పకండి. ఒక పళ్లెం తీసుకుని ఒక అంచు కాస్త పైకెత్తి, ఆ ఎత్తు మీద నీళ్లు పోయమనండి. నీళ్లు దగ్గరి అంచు నుంచి పడవు, వాలు ఉన్న వైపుకే జారతాయి. మన దక్కన్ నేల పడమట ఎత్తు, తూర్పుకు వాలు. దూరం దగ్గర నీళ్లు చూసుకోవు, వాలే చూసుకుంటాయి.

ఈ ఎత్తుపల్లాల సంగతి మన చుట్టుపక్కలే రాసి ఉంది. చాలా రైల్వే స్టేషన్లలో పసుపుపచ్చ పేరు బోర్డు కింద, ఆ ఊరు సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో రాస్తారు. ఈసారి రైలెక్కేటప్పుడు పిల్లలతో ఆ అంకె చదివించండి. మన నగరం ఐదు వందల మీటర్లకు అటూ ఇటూ ఉంది. సముద్రపు ఒడ్డున చార్మినార్లను ఒకదాని మీద ఒకటి తొమ్మిదో పదో నిలబెడితే మనం ఉన్న ఎత్తు వస్తుంది. సముద్రాన్ని ఎప్పుడూ చూడని పిల్లకు సముద్రంతో ఇది మొదటి పరిచయం.

బత్తాయి మీద భూమి

గ్లోబు చేతికిచ్చే ముందు ఒక బత్తాయి ఇవ్వండి. దాని మీద పెన్నుతో పిల్లలకు తోచినట్టు నేల, నీళ్లు గీయమనండి. మన ఊరికి ఒక చుక్క పెట్టమనండి. తర్వాత తొక్కను వీలైనంత పెద్ద ముక్కగా ఒలిచి, బల్ల మీద చదునుగా పరచమనండి. పరుచుకోదు. అంచులు చిట్లుతాయి, నడుమ చీలుతుంది. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి దించడం ఎంత కష్టమో వేళ్లకే తెలుస్తుంది.

గోడమీది ప్రపంచ పటం కొంచెం అబద్ధం ఎందుకు చెప్తుందో అప్పుడు చెప్పొచ్చు. కొన్ని పటాల్లో గ్రీన్‌లాండ్ ఇంచుమించు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు పద్నాలుగు రెట్లు. మన దేశం కూడా గ్రీన్‌లాండ్ కంటే పెద్దదే. అదే గ్లోబు మీద వెతికి చూడమంటే పిల్లలు తామే సరిచూసుకుంటారు. పటం వద్దని కాదు. గ్లోబు పక్కన పెట్టుకుని చదవాలి.

నీళ్లు ఎన్ని, నేల ఎంత

71 శాతం అన్న మాట ఎనిమిదేళ్ల పిల్లకు ఏమీ చెప్పదు. గాలి ఊదే గ్లోబు బంతి ఒకటి దొరికితే ఆట ఆడండి. ఒకరు విసరాలి, ఒకరు పట్టుకోవాలి. పట్టుకున్నప్పుడు కుడి చూపుడువేలు నీళ్ల మీద పడిందా, నేల మీద పడిందా చూసి కాగితం మీద గీత గీయాలి. యాభై సార్లు విసిరాక లెక్కపెట్టండి. చాలాసార్లు పదికి ఏడు చొప్పున వేలు నీలం మీదే పడుతుంది. మా మేడ మీద ఒక సాయంత్రం ఈ ఆట ఆడిన పిల్లాడు, "వేలు మళ్లీ మళ్లీ పసిఫిక్‌లనే పడుతున్నది" అని విసుక్కున్నాడు. ఆ విసుగే పాఠం. ఆ ఒక్క మహాసముద్రం భూమి మీది నేలనంతా కలిపినదానికంటే పెద్దది.

ఇంత నీరుంటే మనకు నల్లా రోజు విడిచి రోజు ఎందుకొస్తుందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. జవాబు కోసం వంటింట్లోకి రండి. లీటరు సీసా నిండా నీళ్లు పట్టండి. ఇది భూమి మీదున్న మొత్తం నీరనుకోండి. అందులోంచి చాయ్ తాగే చిన్న గ్లాసులో పావువంతు, అంటే సుమారు 25 మిల్లీలీటర్లు తీయండి. సీసాలో మిగిలిందంతా ఉప్పునీరే. కావాలంటే అందులో ఉప్పు కలిపి నాలుక మీద ఒక చుక్క వేయించండి. గ్లాసులో ఉన్నదే మంచినీరు. అందులోనూ మూడింట రెండు వంతులు అంటార్కిటికాలో, గ్రీన్‌లాండ్‌లో, హిమాలయాల్లాంటి కొండల మీద మంచుగా గడ్డకట్టి ఉంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం భూమి లోపల, మన బోరుబావులు వెతికే చోట ఉంది. ఇక లోకంలోని నదులు, చెరువులు అన్నీ కలిపితే ఎంత? చెంచా కొసతో ఒకటో రెండో చుక్కలు పిల్లల అరచేతిలో వేయండి. అంతే. గంగ, గోదావరి, కృష్ణ, మన మీరాలం చెరువు, అన్నీ ఆ చుక్కల్లోనే ఉన్నాయి.

అరచేతిలో ఆ చుక్క పడిన పిల్ల, నల్లా కట్టేయమని రెండోసారి చెప్పించుకోదు. నేను చాలామందిలో చూశాను.

పరాత్‌లో ఒక ఊరు

గ్లోబు చూసి పిల్లలు తరచుగా ఒక పొరపాటు ఊహ చేసుకుంటారు. నేల పడవలాగా నీళ్ల మీద తేలుతోందని అనుకుంటారు. సముద్రం కింద కూడా నేలే ఉందనీ, పల్లంగా ఉన్నచోట నీళ్లు నిండితే అది సముద్రమైందనీ చూపించాలి. పిండి కలిపే పరాత్ తీసుకోండి. తడిమట్టితో ఒకవైపు గుట్టలు, నడుమ వాగు, ఇంకోవైపు గుంత చేయించండి. గ్లాసుతో మెల్లగా నీళ్లు పోయించండి. గుంత నిండుతుంది, చిన్న మిట్టలు దీవులవుతాయి, మట్టి మాత్రం అంతటా ఒక్కటే.

తర్వాత అగ్గిపెట్టెలు ఇచ్చి ఇళ్లు కట్టమనండి. ఎక్కడ కట్టాలో మీరు చెప్పకండి. చాలామంది వాగు పక్కనే, గుంత అంచునే కడతారు. చదునుగా, అందంగా ఉంటుంది మరి. ఇప్పుడు నీళ్లు ఇంకాస్త ఎక్కువ పోయండి.

మన పిల్లలకు ఇది కథగా మిగలదు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి బస్తీల్లోకి నీళ్లొచ్చినప్పుడు మేడల మీద రాత్రి గడిపిన కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. వానంటే ఇప్పటికీ భయపడే పిల్లలున్నారు. వాళ్లతో "ఏం కాదులే" అని దాటేయకండి. నీళ్లకు కోపం లేదని, వాటి దారిలో, వాటి గుంతలో మనం ఇళ్లు కట్టుకున్నామని పరాత్‌లో చూపించండి. కారణం తెలిసిన భయం కాస్త చిన్నదవుతుంది.

ఆ తర్వాత 1908 సంగతి చెప్పండి. ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది ప్రాణాలు పోయాయి. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్నచోట ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. కథ అక్కడితో ఆపకండి. ఆ వరద తర్వాత ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నీళ్లను నగరానికి ఎగువనే ఆపాలని ఆయన చెప్పిన ఆలోచన మీదే మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నేలను, నీటిని చదవడం తెలిసిన మనుషులు ఊరిని కాపాడగలరన్న నమ్మకం పిల్లలకు మిగలాలి.

దారంతో దూరాలు

ఇప్పుడు గ్లోబు పట్టుకోండి. పాతబస్తీ పిల్లలంత తొందరగా ప్రపంచంతో చుట్టరికం కలుపుకోగలిగే పిల్లలు తక్కువ. పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణం ముందు నిలబడి, సముద్రమే లేని ఊరికి ముత్యాలు ఎలా వచ్చాయో అడగండి. బస్రా ముత్యాలని పేరుపడ్డవి పర్షియన్ గల్ఫ్ నీళ్లలోంచి వచ్చాయి. గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నం. ఇక్కడి సరుకు బండ్ల మీద అక్కడికి చేరి, ఓడలెక్కి సముద్రాలు దాటింది. బార్కాస్‌లోని ఎన్నో కుటుంబాల పెద్దలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసినవాళ్లు. మూలమీది హోటల్లో ఇరానీ చాయ్ పేరులోనే ఒక దేశం ఉంది. వీటన్నింటినీ వేలితో గ్లోబు మీద వెతికించండి. మధ్యలో ఏ నీళ్లు దాటాలో అడగండి.

చాలా ఇళ్లలో నాన్నో, బాబాయో, అన్నో జెడ్డాలో, దుబాయ్‌లో, కువైట్‌లో ఉంటారు. అలాంటి ఇంట్లో గ్లోబు ఇంకా విలువైనది. ఒక దారం తీసుకుని హైదరాబాద్ నుంచి జెడ్డా దాకా బిగించి పట్టండి. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద అది పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. దారం కింద అరేబియా సముద్రం కనిపిస్తుంది. నమాజుకు పడమర వైపు ఎందుకు తిరుగుతారో కూడా అదే దారం చెప్తుంది. జెడ్డా పక్కనే ఉన్న మక్కా మనకు పడమర, కాస్త ఉత్తరానికి వొరిగి ఉంది. లాల్ దర్వాజా పిల్లకు, మొఘల్‌పురా పిల్లకు ఒకే దారం, ఒకే పాఠం.

రాత్రి లైట్లార్పి టార్చి వెలిగించండి. టార్చి సూర్యుడు. గ్లోబును పడమర నుంచి తూర్పుకు మెల్లగా తిప్పండి. హైదరాబాద్ చీకట్లోకి జారినా, జెడ్డా ఇంకా వెలుగులోనే ఉంటుంది. మనకు సాయంత్రం ఏడైతే అక్కడ నాలుగున్నర. నాన్న ఫోను ఆలస్యంగా ఎందుకొస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఇంకా పని దిగలేదు, అంతే.

పదేళ్లు దాటిన పిల్లలకు ఇంకో సంగతి చెప్పండి. సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో, దేశం మొత్తానికి సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత అక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. 2007 నుంచి అది పనిచేస్తోంది. హిందూ మహాసముద్రంలో భూకంపం వస్తే రాత్రీ పగలూ కాపలా కాసేవాళ్లు మన ఊళ్లోనే కూర్చుని ఉన్నారు. సముద్రాన్ని చదవడానికి సముద్రం పక్కన పుట్టి ఉండక్కర్లేదని పిల్లలకు తెలియడం మంచిది.

పిల్లలు అడిగినప్పుడు

"కిందున్న ఆస్ట్రేలియా వాళ్లు పడిపోరా?" అని తప్పక అడుగుతారు. నవ్వకండి. గ్లోబును తలకిందులు చేసి, "ఇప్పుడు మనం పడిపోతామా?" అని అడగండి. ఎక్కడున్నవాళ్లకైనా కింద అంటే భూమి నడిబొడ్డు వైపేనని నెమ్మదిగా చెప్పండి. మీకు జవాబు తెలియకపోతే "నాకు తెల్వదు బిడ్డా, ఇద్దరం కలిసి చూద్దాం" అనండి. అమ్మానాన్నలు అలా అనడం విన్న పిల్లలు ప్రశ్నలు దాచుకోరు.

తప్పు గీసినా కొట్టేయకండి. 1492లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మార్టిన్ బెహైమ్ చేయించిన గ్లోబు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు మిగిలిన భూగోళాల్లో అదే పాతది. అందులో అమెరికా ఖండాలు లేవు. చార్మినార్ కట్టడానికి 99 ఏళ్ల ముందు, ఆనాటి పెద్దలకు తెలిసిన భూమి అంతే. మనుషులు తప్పులు దిద్దుకుంటూనే భూమిని నేర్చుకున్నారు. మన పిల్లలూ అలాగే నేర్చుకుంటారు.

భాష గురించి ఒక్క మాట. ఇంట్లో ఏ మాట ఉంటే ఆ మాటతోనే చెప్పండి. నీళ్లన్నా, పానీ అన్నా, నేలన్నా, జమీన్ అన్నా, సముద్రమన్నా, సమందర్ అన్నా భూమి ఒక్కటే. బడిలో ఇంగ్లీషు పేర్లు ఎలాగూ వస్తాయి. మన తెలుగులో భూగోళం అన్న మాటలోనే గుండ్రదనం ఉంది. ఆ మాటను విడదీసి చూపిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

కొత్తగా కొనేవాళ్లు పెద్ద ఖర్చు పెట్టక్కర్లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, కోఠీ దుకాణాల్లో వెతకండి. దేశాల రంగులున్న దానికంటే కొండలు, మైదానాలు, సముద్రపు లోతులు చూపించేది మొదట కొనండి. పచ్చరంగు అంటే చెట్లని పిల్లలు అనుకుంటారు. చాలా గ్లోబుల్లో అది పల్లపు నేల, గోధుమరంగు ఎత్తునేల అని చెప్పండి. ఇరుసు కాస్త పక్కకు వొరిగి ఉండాలి, చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. వారానికి ఒక్క పది నిమిషాలు చాలు. పరీక్షలాగా మాత్రం అడగకండి.

మొన్న మా గల్లీలోనే ఒక తల్లి బాధపడుతూ గ్లోబు తెచ్చి చూపించింది. రెండేళ్ల కింద నేను చెప్తే షోకేసు మీంచి దింపిన గ్లోబు అది. "నేను ముందే చెప్పిన గద టీచరమ్మా, పాడు చేసిండు" అంది. తిప్పి చూశాను. రెండుచోట్ల రంగు అరిగి, తెల్లగా కాగితం తేలింది. ఒకటి హైదరాబాద్. రెండోది ఎర్ర సముద్రం ఒడ్డున, వాళ్ల నాన్న పనిచేసే ఊరు. ఆ రెంటి నడుమ సముద్రం మీద, చిన్న వేలు మళ్లీ మళ్లీ రాసిన సన్నటి దారి ఒకటి మెరుస్తోంది.

"పాడు కాలేదమ్మా, నీ కొడుకు చదువుకున్నాడు" అని గ్లోబు తిరిగి ఆమె చేతికే ఇచ్చాను.